ఉమ్మడి టేపు యంత్రము – అందలి యపాయములు

నేను అయిదవ తరగతి చదువుచున్న దినములలో మా యింట నొక టేపు రికార్డరు ఉండెను. మా తాతగారు రాత్రిబడి పిల్లలకు నేర్పిన పాటలను, ఆయన జీవించియుండగానే, మా తండ్రిగారు ఒక క్యాసెట్టునందు పట్టియుంచిరి. తాతగారు గతించిన పిమ్మట ఆయన కంఠము మాకు ఆ క్యాసెట్టులోనే మిగిలినది. ఒకనాడు మా యన్న అది యుత్త క్యాసెట్టని తలంచి, రేడియోలో వచ్చుచున్న సినిమా పాటలను దాని మీదనే పట్టెను. అతడు కోపముతో చేసినది కాదు. దొంగతనముగా చేసినదియు గాదు. యంత్రము చెడలేదు, టేపు తెగలేదు. పాటలు చక్కగా వినబడినవి. తాతగారి కంఠము మాత్రము మఱల వినబడలేదు. మా యమ్మ ఆ క్యాసెట్టును తీసి పెట్టెలో పెట్టెను, ఏమియు ననలేదు.

అట్టి క్యాసెట్టు వెనుక ప్రక్క రెండు చిన్న ప్లాస్టిక్ పలుకులుండెడివి. వానిని విఱిచివేసినచో దాని మీద క్రొత్తగా నేమియు పట్టుటకు యంత్రము సమ్మతింపదు. ఈ సంగతి మా తండ్రిగారికి తెలియును గాని విఱుచుట మఱచిరి. యంత్రమొకటి, టేపొకటి, వాడువారు ఇద్దఱు. ఒకరికి తెలిసినది మఱియొకరికి తెలియదు. నష్టమంతయు ఇందుండియే పుట్టినది.

మన పాఠశాల పూర్వవిద్యార్థి యొకడు పెద్ద కంప్యూటరు కేంద్రమున రాత్రి పని చేయుచు, సెలవులకు వచ్చినపుడు తన పని యెట్టిదో నాకు వివరించెను. ఆ మాటలు వినుచుండగా మా యింటి క్యాసెట్టే నాకు జ్ఞప్తికి వచ్చినది. ఆ మీదట నేను చదివి తెలిసికొనిన విషయములను మన విద్యార్థుల కొఱకును, తలిదండ్రుల కొఱకును ఇచ్చట వ్రాయుచున్నాను. మన ప్రాంతముల యువకులు అనేకులు 2000 సంవత్సరమునకు ముందు, తేదీల లెక్కను సవరించు పని మీద అమెరికాకు పోయి, ఈ పెద్ద యంత్రముల యొద్దనే పని చేసిరి. కావున ఈ విషయము మనకు బొత్తిగా పరాయిది కాదు.

మెయిన్‌ఫ్రేము అనగా నేమి?

బ్యాంకులు, భీమా సంస్థలు, ప్రభుత్వ శాఖలు లక్షలాది జనుల లెక్కలను ఒక్కచోట నుంచి, రాత్రింబగళ్లు ఆగకుండ నడుపుటకు వాడు పెద్ద కంప్యూటరునకు మెయిన్‌ఫ్రేము అని పేరు. ఐబీయమ్ సంస్థ 1964 ఏప్రిలు 7వ తేదీన సిస్టమ్/360 అను యంత్రకుటుంబమును ప్రకటించెను. నేటి ఐబీయమ్ మెయిన్‌ఫ్రేములు ఆ వంశములోనివే.

యంత్రము దానంతట నది పని చేయదు. దాని చేత పని చేయించు మూల కార్యక్రమమునకు ఆపరేటింగ్ సిస్టము అని పేరు. ఏ పని ముందు, ఏ పని వెనుక, ఏ పరికరము ఎవరికి అని నిర్ణయించునది ఇదియే. పాఠశాలకు ప్రధానోపాధ్యాయు డెట్టివాడో యంత్రమునకు ఇది యట్టిది. అయితే పాఠశాలకు ప్రధానోపాధ్యాయు డొక్కడే యుండును. మెయిన్‌ఫ్రేమునందు అట్లు గాదు. 1972లో వెలువడిన వీయమ్/370 అనునది ఒకే యంత్రమును అనేక యంత్రములవలె కనబఱచి, ఒక్కొక్క దానియందు వేఱువేఱు ఆపరేటింగ్ సిస్టములను నడుపుటకు వీలు కల్పించెను. 1988లో వచ్చిన మఱియొక యేర్పాటు యంత్రమునే భాగములుగా విభజించెను. నేడు ఒక పెట్టెలోనే జెడ్/ఓయస్ ఒక ప్రక్క, జెడ్/వీయమ్ ఒక ప్రక్క, లైనక్సు ఒక ప్రక్క నడచుచుండవచ్చును. ఒక్కొక్కటి తన భాగమున తానే యజమానుడనని తలంచును.

టేపు యొక్క స్వభావము

కంప్యూటరు లెక్కలను అయస్కాంతపు టేపు మీద వ్రాయుట 1951లో యూనివాక్ యంత్రముతో వాడుకలోనికి వచ్చినది. ఆ టేపు లోహముతో చేసినది. మఱుసటి సంవత్సరము ఐబీయమ్ సంస్థ ప్లాస్టిక్ టేపుతో నడచు 726 అను యంత్రమును ప్రకటించెను. తరువాత చిరకాలము అర అంగుళము వెడల్పు, 2400 అడుగుల నిడివి గల టేపు పెద్ద చుట్టగా వాడబడినది. 1984లో చుట్టకు బదులు చేతిలో నిముడు చతురపు పెట్టె, అనగా కార్ట్రిడ్జి, వచ్చినది. ఆ 3480 కార్ట్రిడ్జియందు 200 మెగాబైట్లు పట్టెడివి. 2023లో వెలువడిన టీయస్1170 అను యంత్రపు కార్ట్రిడ్జియందు, కుదింపకయే, 50 టెరాబైట్లు పట్టును.

డిస్కు లుండగా టేపేల యని మీరడుగవచ్చును. టేపు చవుక, అలమారులో నుంచినప్పుడు కరెంటు అక్కఱలేదు, యంత్రమునుండి తీసివేసిన టేపును యంత్రములోని పొరపాటు తాకజాలదు. 2011 ఫిబ్రవరి నెలాఖరున గూగుల్ సంస్థ వారి జీమెయిలునందు ఒక లోపము వలన వాడుకదారులలో 0.02 శాతము మంది యుత్తరములు కనబడకుండ పోయినవి. డిస్కులమీది నకళ్లకును ఆ లోపమంటినది. టేపులమీది నకళ్లు యంత్రమునకు వెలుపల నుండుటచేత వానినుండి ఉత్తరములను మఱల తెచ్చిరి. కావున టేపనునది కడపటి యాధారము. అట్టి కడపటి యాధారమే చెడినచో దాని వెనుక మఱియొక యాధార ముండదు.

ఇక టేపు స్వభావమును గూర్చి రెండు మాటలు చెప్పవలసియున్నది. పుస్తకమునందు మనకు కావలసిన పుటను తెఱవవచ్చును. టేపు అట్లు గాదు; అది కండెకు చుట్టిన నూలు వంటిది. నడిమి భాగము కావలెనన్న ముందు భాగమును దాటిపోవలెను. దాని మీది లెక్కలు బ్లాకులుగా నుండును. పాత చుట్టలయందు బ్లాకునకు బ్లాకునకు మధ్య 0.6 అంగుళము, తరువాతి కాలపు చుట్టలయందు 0.3 అంగుళము ఖాళీ విడువబడెడిది. అంతకంటె ముఖ్యమైనది రెండవ మాట. టేపు నడుమ నొకచోట క్రొత్తగా వ్రాసినచో, ఆ చోటునకు తరువాతనున్న పాత లెక్కలన్నియు పోయినట్లే యెంచవలెను. పుటలో ఒక పంక్తి దిద్దినంత మాత్రమున తరువాతి పుటలన్నియు చినిగిపోవు పుస్తకము నొకదానిని ఊహించుకొనుడు, టేపు అట్టిది.

టేపు మొదట లేబులు వ్రాయబడును. మొదటి లేబులునకు వీఓయల్1 అని పేరు. అందు ఆ టేపు యొక్క ఆఱక్షరముల సంఖ్య యుండును. దాని వెనుక హెచ్‌డీఆర్1 అను లేబులునందు లెక్కల పేరు, ఏ తేదీ వఱకు దాచవలెనను వివరము ఉండును. చివర ఈఓయఫ్1 అను లేబులునందు మొత్తము ఎన్ని బ్లాకులు వ్రాయబడినవో ఆ సంఖ్య యుండును. ఒక్కొక్క లేబులు 80 అక్షరములు.

ఏల పంచుకొందురు?

టేపు డ్రైవు, అనగా టేపును త్రిప్పి చదివి వ్రాయు యంత్రము, మిక్కిలి ఖరీదైనది. అయినను ఒక సిస్టము దానిని రోజంతయు వాడదు. రాత్రి నకళ్లు తీయునప్పుడు పది డ్రైవులు కావలెను. పగలు ఒకటియు అక్కఱ యుండకపోవచ్చును. అందుచేత ఒకే డ్రైవునకు రెండు మూడు సిస్టములనుండి తీగలు కలుపుదురు. ఖర్చు తగ్గును. ఇది మంచి యాలోచనయే. కాని ఉమ్మడి గొఱ్ఱె పుచ్చి చచ్చెనను సామెత యొకటి కలదు గదా! ఆ యపాయము లెట్టివో వరుసగా చూతము.

మొదటి యపాయము: చోటు తప్పుట. ఒక సిస్టము టేపు మీద జీతముల లెక్కలు వ్రాయుచున్నదనుకొందము. తాను ఎంత దూరము వచ్చినదో దానికి తెలియును. ఇంతలో రెండవ సిస్టము, ఆ డ్రైవు తనదే యని తలంచి, టేపును మొదటికి త్రిప్పుమని యాజ్ఞ యిచ్చినది. డ్రైవు విధేయముగా త్రిప్పును. మొదటి సిస్టమునకు ఈ వార్త తెలియదు. అది తన తరువాతి బ్లాకును వ్రాయుమనును. డ్రైవు తానున్న చోట, అనగా టేపు మొదట, వీఓయల్1 లేబులు మీదనే వ్రాయును. వ్రాత సరిగా జరిగినదని జవాబు వచ్చును. పని ముగిసినది, లోపము లేదని కాగితము మీద అచ్చగును. లేబులు పోయినది, అంతవఱకు వ్రాసిన లెక్కలు పోయినవి, ఎవరికిని తెలియదు. ఏ ఆఱు నెలలకో ఆ టేపుతో అవసరము కలిగినప్పుడు గాని బయటపడదు.

రెండవ సిస్టము టేపును త్రిప్పి బయటికే తీసివేసినచో మొదటి సిస్టము కేక వేయును; ఆపరేటరు పరుగెత్తి వచ్చును. గోల చేయు తప్పు దిద్దుకొనదగినది. పలుకక జరిగిపోవు తప్పే మిక్కిలి హానికరము.

రెండవ యపాయము: చదువులో వాటాలు పడుట. ఇద్దఱును వ్రాయక చదువుచునే యున్నను కీడు కలదు. డ్రైవు ఒక బ్లాకు చదివి ముందునకు జరుగును. ఆ బ్లాకు ఒకరికి పోయినచో తరువాతిది రెండవవారికి పోవును. ఇద్దఱికిని సగము సగము చేరును. ఇచ్చట ఈఓయఫ్1 లేబులు ఉపకరించును. తాను చదివిన బ్లాకుల సంఖ్య అందలి సంఖ్యతో కలియనిచో జెడ్/ఓయస్ ఆ పనిని ఆపివేయును. బజారునుండి తెచ్చిన సరకును చీటీతో సరిచూచుట వంటిది ఇది.

మూడవ యపాయము: ఖాళీ టేపుల పట్టిక. దాచవలసిన గడువు తీఱి, మఱల వాడుటకు వదలిన టేపును స్క్రాచి టేపు అందురు. ఏవి దాచవలెను, ఏవి స్క్రాచి యనునది ఒక పట్టికలో వ్రాయబడియుండును. సిస్టములు రెండై, పట్టికలును రెండైనచో చిక్కు వచ్చును. ఒకరి పట్టికలో విలువగలదైన టేపు మఱియొకరి పట్టికలో స్క్రాచిగా నుండవచ్చును. అప్పుడు డ్రైవులో లోపము లేదు, తీగలో లోపము లేదు. అయినను విలువగల లెక్క మీద క్రొత్త లెక్క పడును. మా యన్న చేసినది సరిగా నిదియే.

మఱల వాడుట వలన ఎంత నష్టము కలుగునో తెలుపు ప్రసిద్ధమైన కథ యొకటి కలదు. 1969లో అపోలో 11 చంద్రుని మీద దిగినప్పుడు వచ్చిన చిత్రములు భూమి మీది కేంద్రములయందు టెలిమెట్రీ టేపుల మీద పట్టబడినవి. అవి మెయిన్‌ఫ్రేము టేపులు గావు. అయినను అయస్కాంతపు టేపులే. నాసా వారు వానికై చాలకాలము వెదకి, తరువాతి సంవత్సరములలో టేపుల కొఱత వలన వానిని తుడిచి మఱల వాడియుందురని 2009లో తెలియజేసిరి. మానవుడు చంద్రుని మీద అడుగిడిన దృశ్యమునకు మూలప్రతి ఇట్లు పోయినది. టెలివిజనులో ప్రసారమైన నకళ్లనుండియే చిత్రములను బాగుచేసికొనవలసి వచ్చినది.

నాలుగవ యపాయము: ఒకరి కట్టుబాటు మఱియొకరికి పట్టకుండుట. జెడ్/ఓయస్ టేపు లేబులును చదివి, గడువు తీఱలేదని తోచిన, ఆపరేటరు అనుమతి లేనిదే వ్రాయుటకు సమ్మతింపదు. లైనక్సునందు సామాన్యముగా వాడు ‘టార్’ అను కార్యక్రమము ఈ లేబులులను పాటింపదు, మొదటినుండి వ్రాసివేయును. జెడ్/ఓయస్‌లోనే లేబులు పరీక్షను దాటిపోవు బీయల్‌పీ అను మార్గ మొకటి కలదు. అందుచేతనే తెలిసిన కేంద్రముల వారు దానిని కొందఱికి మాత్రమే యనుమతింతురు. మఱియు లెక్కల పేరు 44 అక్షరముల వఱకు ఉండవచ్చును గాని, హెచ్‌డీఆర్1 లేబులునందు చివరి 17 అక్షరములకే చోటు కలదు. తోక లొక్కటియైన రెండు పేరులు లేబులునందు ఒక్కటిగానే కనబడును. కావున లేబులు మంచి కావలివాడే గాని, అతడొక్కడే చాలడు.

ఇంకొక మాట. స్క్రాచియైన టేపు మీద క్రొత్తగా కొంచెమే వ్రాసినచో, తరువాతి భాగమున పాత లెక్క యొక్క యయస్కాంతపు గుర్తు లింకను మిగిలియుండును. ఒక శాఖవారి రహస్యము మఱియొక శాఖవారి చేతిలో పడవచ్చును. ఇట్టి భయము తీఱుటకే 2006 నుండి ఐబీయమ్ టేపు డ్రైవులు తామే లెక్కలను గూఢలిపిలో వ్రాయు శక్తిని పొందినవి.

కాపుదల లెవ్వి?

పాత చుట్టల కాలమున కాపుదల ఒక ప్లాస్టిక్ వలయము. చుట్ట వెనుకనున్న గాడిలో ఆ వలయము నుంచినగాని డ్రైవు దాని మీద వ్రాయదు. వలయము తీసినచో చదువుటయే గాని వ్రాయుట లేదు. క్యాసెట్టు పలుకులకు ఇది అన్నవంటిది. కాని ఇది టేపును కాపాడును గాని, వ్రాయుచుండగా నడుమ దూరు పరాయి యాజ్ఞను ఆపజాలదు. అందుకు ఆ కాలమున ఆపరేటరుల జాగ్రత్తయే దిక్కు. ఒక సిస్టమునందు ‘వేరీ ఆఫ్‌లైను’ అని డ్రైవును వదిలించి, తరువాత మఱియొక దానియందు ‘వేరీ ఆన్‌లైను’ అని చేర్చుకొనవలెను. వరుస తప్పినచో కీడు వచ్చును.

1984 నాటి 3480 యంత్రముతో ‘అసైను’ అను ఆజ్ఞ వచ్చినది. ఒక సిస్టము ఈ యాజ్ఞ నిచ్చినచో, డ్రైవులను నడపు కంట్రోలు యూనిట్టు ఆ డ్రైవు ఎవరి స్వాధీనమో జ్ఞాపకముంచుకొనును. ఇతరులు ఏ యాజ్ఞ నిచ్చినను, ‘ఇది మఱియొకరి స్వాధీనమున నున్నది’ అని త్రోసిపుచ్చును. పని తీఱిన పిమ్మట ‘అనసైను’ అనవలెను. ఇందలి మేలేమనగా, కాపుదల మనుష్యుల జ్ఞాపకమునుండి యంత్రమునకు మాఱినది. జెడ్/ఓయస్‌నందు ఒక డ్రైవును ‘ఆటోస్విచి’గా ఏర్పఱచినచో, పని కావలసినప్పుడు అసైను చేసికొని, పని ముగియగానే విడిచిపెట్టును. జెడ్/వీయమ్ కూడ డ్రైవును ఒకరికి అటాచి చేయునప్పుడు సామాన్యముగా అసైను చేయును.

అయితే తాళ మున్నంత మాత్రమున తలుపు మూసినట్లు గాదు. జెడ్/వీయమ్‌నందు అసైను లేకుండ అటాచి చేయుటకు ‘నోఅసైను’ అను మాట యున్నది. అంతకుమించిన కాపుదల మఱియొక చోట గలదని తెలిసినవారికే యది తగును, తొందరపనికి కాదు. మఱియు ఒక సిస్టము పని నడుమ పడిపోయినచో డ్రైవు దాని పేరనే బిగిసియుండవచ్చును. అప్పుడు రెండవ సిస్టము వారు బలవంతముగా విడిపింప జూతురు. మొదటిది నిజముగా చచ్చినదా, కేవలము పలుకకున్నదా యని విచారింపక విడిపించుట ఘోరప్రమాదము. అర్ధరాత్రి, పని ఆలస్యమైనదని పైవారు ఫోను చేయుచుండగా, ఆ విచారణకు రెండు నిమిషములు ఆగుటయే ఆపరేటరు యొక్క నిజమైన పరీక్ష యని మా పూర్వవిద్యార్థి చెప్పెను.

ఈ కాలమున డిస్కుల మీదనే టేపువలె నటించు యంత్రములు వచ్చినవి. 2006లో వచ్చిన టీయస్7700 అనునది వందలకొలది డ్రైవులున్నట్లు కనబఱచగలదు. డ్రైవుల కొఱత తీఱినందున పంచుకొను నవసరము చాల తగ్గినది. కాని మూడవ యపాయము, అనగా పట్టికల తగవు, తగ్గలేదు. డ్రైవులు ఎన్ని యున్నను, టేపు ఎవరిదో తెలియనిచో నష్టము తప్పదు.

సారాంశము

ఇంతవఱకు చెప్పినదానినుండి తేలు నియమములు అయిదు. ఒక్కొక్క వేళ డ్రైవునకు యజమాను డొక్కడే యుండవలెను. ఆ సంగతి యంత్రమునకే తెలియజేయవలెను. ఒక్కొక్క సిస్టమునకు వేఱువేఱు టేపు సంఖ్యలు కేటాయింపవలెను. ఇతరుల సంఖ్యగల టేపును త్రోసిపుచ్చునట్లు ఏర్పఱపవలెను. చదువుటకు మాత్రమే యైన టేపునకు వ్రాతనిరోధము పెట్టవలెను. బలవంతముగా తాళము తీయువాడు ముందు అవతలివారితో మాటలాడవలెను. కడపటిది, నకలు తీసితిమని తృప్తిపడక, అప్పుడప్పుడు దానిని మఱల చదివి చూడవలెను. చదివి చూడని నకలు నకలని చెప్పజాలము.

విద్యార్థులారా! మీలో నెవరైన పెద్దవారై ఇట్టి కేంద్రములయందు పని చేయవచ్చును. మీ యెదుట నుండునది ఆఱక్షరముల సంఖ్య మాత్రమే. ఆ సంఖ్య వెనుక ఒక వితంతువు పింఛను, ఒక కూలివాని పొదుపు, ఒక రోగి వైద్యపు లెక్క యుండవచ్చునని మఱవకుడు. అంతవఱకు ఆగనక్కఱలేదు. ప్రయోగశాల పుస్తకమైనను, తరగతి కంప్యూటరైనను, ఇంటి ఫోనైనను, ఇద్దఱు వాడు వస్తువు మీద క్రొత్తది వ్రాయుటకు ముందు, ‘ఇందులో నీది యేమైన నున్నదా?’ యని రెండవవారి నడుగుడు. మా యన్న ఆ యొక్క మాట మా యమ్మ నడిగియున్నచో తాతగారి పాటలు నేటికిని మా యింట వినబడుచుండును.